దూది బిరడా

"కోపం వదిలెయ్యమని మాత్రం చెప్పమాకండి తాతా. అది తప్ప ఇంకేదన్నా చెప్పండి, చేస్తా."

ఖాసింబీ సలహా అడగడానికి వచ్చిందో, తగువుకి వచ్చిందో వినేవాళ్ళకి అర్థం కాలేదు. చెప్పులు వాకిట్లో ఒకటి, మెట్టు మీద ఒకటి విడిచి, వచ్చి మౌలాలి తాత ఎదురుగా నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

తాత ఉండేది గుట్ట కింద దర్గాలో. ఒకప్పుడు ఊరూరా తిరిగి దూది ఏకినవాడు. ఇప్పుడు వచ్చినవాళ్ళకి అన్నం పెడుతూ, అడిగినవాళ్ళకి నాలుగు మాటలు చెబుతూ, అడగనివాళ్ళ జోలికి పోకుండా కాలం గడుపుతున్నాడు. చుట్టుపక్కల దూదేకులవాళ్ళంతా ఆయన్ని గురువంటారు. ఆయన మాత్రం ఎవరినీ శిష్యులని పిలిచిన పాపాన పోలేదు. ఖాసింబీ తనంతట తానే శిష్యురాలైపోయింది.

ఆమె తండ్రి నాగూరు పోయాక పెట్రోలుతో నడిచే దూది మర, దాన్ని మోసే పెట్రోలు ఆటో, చిలకలేరు సంతలో పరుపుల వరసలో ఆయన కూర్చున్న చోటు ఆమెకి వచ్చాయి. నాగూరు నోట్లో నాలుక లేని మనిషి. ఈ పిల్లకి మాత్రం కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఎక్కణ్ణించి తెచ్చుకుందో ఆ దేవుడికే తెలియాలి.

పోయిన శుక్రవారం సంతలో పెద్ద రభస జరిగింది. పరుపుల వరసకి ఎదురుగా స్పాంజి పరుపుల కొట్టు పెట్టిన కోటిలింగం, దూది దుమ్ము జనం ఊపిరితిత్తుల్లోకి పోతోందని, ఆ వరస అక్కణ్ణించి ఎత్తేయించాలని సంత పెద్దల దగ్గర మొదలుపెట్టాడు. ఖాసింబీ ఒంటికాలి మీద లేచింది. మాటామాటా పెరిగింది. చేతిలో ఉన్న ఇనప చువ్వ పోయి కొట్టు అద్దానికి తగిలింది. "పోయి తగిలింది" అనేది ఆమె మాట. చూసినవాళ్ళు "విసిరింది" అంటారు.

సంత పెద్దలు తేల్చి చెప్పేశారు. ఇంకొక్కసారి గొడవైతే దూదేకులవాళ్ళ వరస మొత్తం లేపేస్తామన్నారు. ఆ వరసలో ఉన్నది ఖాసింబీ ఒక్కతే కాదు. సంత తప్ప వేరే బతుకు తెలియని మరో నాలుగిళ్ళవాళ్ళున్నారు. మళ్ళీ సంత రేపే.

"వాడు రేపు ఊరికే ఉండడు తాతా. నన్ను రెచ్చగొట్టడానికే వస్తాడు. నేను చెయ్యెత్తానంటే వాడి పని అయిపోయినట్టే. మావాళ్ళంతా ఒకటే పాట, మింగు మింగు అని. ఎందుకు మింగాలి? న్యాయం నాది. ఈ కోపం కూడా లేకపోతే నన్ను నిరుడే తొక్కేసేవాళ్ళు."

తాత ఒళ్ళో దూది పెట్టుకుని గింజలు ఏరుతున్నాడు. ఒక గింజ తీసి పక్కన పడేశాడు.

"నిజమే," అన్నాడు.

ఖాసింబీ దీనికి సిద్ధపడి రాలేదు. ఆయన కాదంటాడనీ, తను ఎదురు చెప్పాలనీ దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. అవన్నీ దండగైపోయాయి.

"మరయితే ఏం చెయ్యమంటారు?"

తాత జవాబు చెప్పేలోపు వాకిట్లో జరిగింది జరిగిపోయింది. అది చెప్పాలంటే ముందు పెట్రోలు సంగతి చెప్పాలి.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క బంకు కోటిలింగం బావమరిదిది. గొడవైన మర్నాడే ఖాసింబీ పోతే "నీకు పెట్రోలు లేదు" అన్నారు. "అయితే మీరే తాగండి" అని వచ్చేసింది. పక్క ఊరి బంకుకి పోయింది. వాళ్ళు సీసాల్లో, బిందెల్లో అయితే పొయ్యం అన్నారు. సరేనని ఆటో ట్యాంకు నింపించుకుని వచ్చి, పైపు పెట్టి దించుకుని, మళ్ళీ పోయి నింపించుకుని వచ్చింది. ఇట్లా వారమంతా తిరిగింది. ఆ బంకువాడు కూడా లేదంటే ఏం గతని, సీజను మొత్తానికీ సరిపడా పోగేసింది. ఇంట్లో పెడితే అత్త ఇల్లు పీకి పందిరేస్తుంది. తాత ఊళ్ళో లేడు. దర్గాలో వంటింటి గోడ పక్కన నీడగా ఉంటుంది గదా అని అక్కడ పెట్టింది. తాత ఆ పొద్దున్నే తిరిగొచ్చాడు. ఆయనకి ఈ సంగతి తెలియదు.

చేతికి దొరికిన పాత్రలన్నీ అక్కడే ఉన్నాయి. మంచినీళ్ళ బబుల్ క్యాను, కూల్‌డ్రింకు సీసాలు, పాత నూనె డబ్బా, చెవి విరిగిన పచ్చడి జాడీ, సొట్టలు పడ్డ ఇత్తడి బిందె. మూతలున్నవి తక్కువ, లేనివి ఎక్కువ. లేనివాటికి ఖాసింబీ తన చేతికి అలవాటైన పనే చేసింది. గుప్పెడు దూది తీసి, ఉండ చుట్టి, మూతికి బిగించింది. దూదేకులవాళ్ళ ఇళ్ళల్లో అత్తరు సీసాకైనా, నూనె బుడ్డికైనా దూదే బిరడా. చెవిపోటొస్తే చెవికి కూడా అదే.

ఇక దర్గాలో ఒక పద్ధతుంది. గోడవార పెట్టిన నీళ్ళ పాత్ర ఎవరిదని ఎవరూ అడగరు. వచ్చినవాళ్ళు తీసుకుని కాళ్ళు కడుక్కుంటారు, దాహమైతే తాగుతారు. తాత గురువుగారి కాలం నుంచీ అంతే.

ఆ రోజు గురువారం. జనం వస్తున్నారు. వంటింట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద డేగిసాలో అన్నం ఉడుకుతోంది. ఎర్రగుంటపాలెం నుంచి నడిచొచ్చిన మస్తానయ్య అనే ముసలాయన, దుమ్ముకొట్టుకుపోయిన కాళ్ళతో తిన్నగా గోడ దగ్గరికి పోయాడు. ఇత్తడి బిందె మూతిలో దూది పీకి పక్కన పడేశాడు. బిందె వంచి రెండు కాళ్ళ మీదా ధారగా పోసుకున్నాడు.

"అబ్బ! నీళ్ళు భలే చల్లగా ఉన్నయ్యే," అన్నాడు.

వాసన ముందు తాతకి తగిలింది. ఒళ్ళో దూది ఎటు పడిందో చూసుకోలేదు. ఆ వయసు మనిషి అంత వేగంగా లేవడం ఖాసింబీ ఎన్నడూ చూడలేదు. మస్తానయ్య దగ్గరికి పోతాడనుకుంటే వంటింట్లోకి దూరాడు. గాబులో బొక్కెన ముంచి పొయ్యిలో కుమ్మరించాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ కుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి, బూడిద లేచాయి. వంటవాళ్ళు కేకలు పెట్టారు. అన్నం సగం ఉడికి ఆగిపోయింది.

బయటికొచ్చి, వాకిట్లో బీడీ కాలుస్తున్న ఆటో అతని మీద "ఆర్పు!" అని అరిచాడు. ఆ అరుపుకి బీడీ దానంతటదే కింద పడ్డట్టయింది. అతను కాలితో నలిపేశాడు.

అప్పుడు మస్తానయ్య చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి నడిపించాడు. తడిసిన పంచె విప్పించి, తన లుంగీ ఇచ్చి, అరుగు మీద కూర్చోబెట్టాడు. సబ్బు తెప్పించి కాళ్ళు తానే కడిగాడు. కడిగి, వాసన చూసి, మళ్ళీ కడిగాడు. మస్తానయ్య సిగ్గుతో కుంచించుకుపోయి కాళ్ళు వెనక్కి లాక్కుంటున్నాడు. తాత వదల్లేదు.

"వాసన తెలీలేదా పెద్దాయనా?"

"పడిశం పట్టి వారమైంది తాతా. అత్తరు కూడా తెలీటంలా."

ఆ కాళ్ళకీ పొయ్యికీ మధ్య ఎంత దూరముందో ఖాసింబీకి కనబడుతూనే ఉంది. ముసలాయన ఆ తడికాళ్ళతో పొయ్యి దగ్గరికి పోయి ఉంటే? ఆ తర్వాత సంగతి తలుచుకోవడానికే భయమేసింది. కానీ నోరు ఊరుకోదు గదా.

"మూతికి దూది పెట్టానుగా! దూది పెట్టి ఉంటే లోపల ఏదో ఉందని తెలుసుకోవద్దా? చూసుకోవాల్సింది ఎవరు?"

తాత లేచి, మస్తానయ్య పీకి పడేసిన దూది ఉండని వెతికి తీసుకొచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. పెట్రోలుకి తడిసి బరువుగా ఉంది.

"మనిళ్ళల్లో దీపానికి వత్తి దేంతో చేస్తారమ్మా?" అని అడిగాడు.

ఖాసింబీ ఆ ఉండని చూసింది. గోడవార వరసగా ఉన్న జాడీని, డబ్బాని, సీసాలని చూసింది. అన్నిటి మూతుల్లోనూ తెల్లగా దూది. అన్నీ తన చేత్తో చుట్టినవే.

"అన్నం సంగతేంది తాతా?" వంటింటి గుమ్మంలోంచి ఎవరో అడిగారు.

"ఇవి ఇక్కణ్ణించి కదిలిందాకా పొయ్యి వెలిగేది లేదు."

గురువారం తిండికి వచ్చిన జనమంతా ఖాసింబీ వైపు చూశారు. పిల్లల్ని చంకనేసుకొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఆమె ముఖం మాడ్చుకుంది. "నా ఒక్కదాని వల్ల అందరూ పస్తా? బాగుంది," అని సణుక్కుంటూనే ఆటో తోసుకుంటూ రోడ్డెక్కించింది. ఆ వాకిట్లో స్టార్టు చెయ్యకూడదని మాత్రం ఎవరూ చెప్పకుండానే ఆమెకి తోచింది.

బోరు లారీల షెడ్డులో జోసెఫని ఒక మెకానిక్కున్నాడు. అతని దగ్గర పెట్రోలు కోసమే చేసిన ఇనప క్యాన్లు రెండు ఎరువు తెచ్చింది. మందంగా ఉన్నాయి. మూతకి మరలు, లోపల రబ్బరు వాషరు ఉన్నాయి. తెచ్చి ఠపీమని తాత ముందు పెట్టింది.

"ఇవి చాలవు. నా పెట్రోలు ఇంకా చాలా ఉంది."

"నీ మరకి ఈ సంతకి, వచ్చే సంతకి ఎంత కావాలి?"

"రెండు క్యాన్లు చాలు. కానీ ఆ పక్కూరివాడు కూడా లేదంటే?"

"అప్పుడు ఇంకో ఊరు పోదువుగాని. ఊళ్ళకి కరువా?"

"వాడు నన్ను మాడ్చాలని చూస్తన్నాడు తాతా. నేను దాచుకోవద్దా?"

"దాచుకున్నది నువ్వు. కాళ్ళు కడుక్కుంది మస్తానయ్య."

ఖాసింబీ పళ్ళు కొరికింది. దర్గాకి వచ్చిన ఆటోలన్నిటినీ దూరంగా గుట్ట మలుపు దగ్గర ఆపించి, మిగులు పెట్రోలు వాటి ట్యాంకుల్లో పోసేసింది. పోస్తున్నంతసేపూ "తాగండి, తాగండి" అని వాళ్ళని తిడుతూనే ఉంది. వాళ్ళు నవ్వుతూ ట్యాంకు మూతలు తెరిచారు. బబుల్ క్యాను ఎత్తితే అడుగున సన్నటి పగుళ్ళున్నాయి, కింద మట్టి తడిసి ఉంది. ఇంకో రెండ్రోజులు ఆగితే వంటింటి గోడ కింద ఏం పారేదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరికి ఇనప క్యాన్లు నింపడానికి ఒకదాన్ని ఆటో వెనక ఎక్కించింది. తాత దాన్ని దించమన్నాడు.

"నేల మీద పెట్టి పొయ్యమ్మా."

"అక్కడైతే వంగక్కర్లేదని..."

"వంగు. నడుమేం విరగదు. బండి మీద పోస్తే రవ్వ పుట్టుద్ది."

వంగింది. గరాటు పెట్టి నిదానంగా పోసింది. క్యాను మెడ దాకా రాబోతుంటే తాత ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"చాలు."

"ఇంకా పడుద్ది తాతా. చోటుంది."

"ఆ చోటు దానిదే. మిట్టమధ్యాహ్నం లోపల పొంగుద్ది. లేవటానికి కాస్త చోటివ్వకపోతే మూతని నెడుద్ది."

మూత బిగించింది. తాత తిప్పి చూసి, ఇంకో అరచుట్టు బిగించాడు. జెండా కర్రలకి వేసే ఎర్రరంగు తెచ్చి, ఆమె చేతే రెంటి మీదా 'పెట్రోలు' అని రాయించాడు. చదువు రానివాళ్ళ కోసం పక్కన మంట బొమ్మ గీయమన్నాడు. ఆమె గీసింది మంటలా లేదు, ముల్లంగి దుంపలా ఉంది. తాత నవ్వి ఊరుకున్నాడు. వాటిని వంటింటికి బాగా దూరంగా, గుట్ట నీడ పడే చోట, నాలుగువైపులా గాలాడే రాతి పాకలో పెట్టించాడు. ఎవరూ పొరపాటున తీసుకోకుండా గొలుసు వేయించాడు. తడిసిన దూది, ఖాళీ సీసాలు ఆ పక్కనే ఆరుబయట ఎడంగా పరిపించాడు.

"ఇప్పుడు వెలిగించండి," అని వంటవాళ్ళకి కేకేశాడు.

ఖాసింబీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఒళ్ళంతా పెట్రోలు వాసన, చెమట.

"నేనడిగింది కోపం సంగతి. మీరు చెప్పింది డబ్బాల సంగతి. పొద్దంతా పని చేయించుకున్నారు గానీ నాకు జవాబు చెప్పలా."

"చెప్పలా," అని తాత ఒప్పుకుని, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

ఆమెకి నషాళానికి అంటింది. కానీ ఎవరి మీద? వడ్డన మొదలైతే తను కూడా ఒక పళ్ళెం పట్టుకుని కసిగా వడ్డించింది. పొద్దు వాలుతుండగా అందరికంటే చివర కూర్చుంది. మస్తానయ్య తన పక్కన చోటు చూపించాడు. లుంగీ కింద ఆయన కాళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఏమనుకోమాక తల్లీ. నీ సరుకు వృథా చేశా," అన్నాడు ఆయన.

ఇంతసేపూ ఎవరెన్ని చూపులు చూసినా తట్టుకున్న మనిషి, ఆ మాటకి తట్టుకోలేకపోయింది. తన కోసం తను దాచుకున్నది, ఏ పాపమూ ఎరగని మనిషి కాళ్ళ మీద పడింది. పైగా ఆయనే మన్నించమంటున్నాడు.

సంతలో తన మర పక్కన ఇడ్లీలు అమ్మే అచ్చమ్మ గుర్తొచ్చింది. మర మొదలవగానే ఆమె గబగబా ఇడ్లీల మీద గుడ్డ కప్పుతుంది. తనని చూస్తే గిట్టక అట్లా చేస్తుందని ఖాసింబీ ఇన్నాళ్ళూ మూతి ముడుచుకుని తిరిగింది. ఒకసారి దెబ్బలాడింది కూడా.

అన్నం తిని చెయ్యి కడుక్కుని, "తాతా, పాత దుప్పటి ఒకటుంటే ఇప్పించండి," అంది.

ఎందుకని ఆయన అడగలేదు. తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు చిలకలేరు సంత నిండా జనమే. పరుపుల వరసలో మిగతా నాలుగిళ్ళవాళ్ళూ ఖాసింబీని చూసి గుండెలు చిక్కబట్టుకున్నారు. వాళ్ళలో పెద్దామె దగ్గరికొచ్చి, "నీకు దణ్ణం పెడతా, ఇయ్యాళ నోరెత్తమాకే," అంది.

"నోరెత్తుతా. చెయ్యెత్తను," అంది ఖాసింబీ.

మర దించి, దూది బయటికొచ్చే మూతికి దుప్పటితో కుట్టిన పొడుగాటి సంచి తొడిగి తాడుతో బిగించింది. తన ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంది. అచ్చమ్మ దగ్గరికి పోయి, "ఇయ్యాళ దుమ్ము రాకుండా చూస్తా అక్కా. వస్తే కేకెయ్యి, ఆపేస్తా," అంది. అచ్చమ్మ నమ్మనట్టు చూసింది గానీ గుడ్డ చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

కోటిలింగం ఇద్దరు సంత పెద్దల్ని వెంటేసుకుని రానే వచ్చాడు. వచ్చీ రాగానే గొంతు పెంచాడు.

"ఈ దుమ్ముతోనే గదమ్మా మీ నాయన దగ్గీ దగ్గీ పోయింది! ఇంకెంతమందిని పంపిస్తావు?"

వరసలో అందరూ కళ్ళు మూసుకున్నారు. పెద్దామె చెయ్యి ఖాసింబీ కొంగు పట్టుకుంది. ఇనప చువ్వ మర మీదే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది.

ఖాసింబీ కళ్ళు ఎర్రబడ్డాయి. ఒంట్లో అంతా సలసల కాగింది. పోయినవారం అయితే ఈపాటికి ఇంకో అద్దం పగిలేది. ఆమె చువ్వ తీసింది. దాన్ని వంగి మర కింద పెట్టి, తిన్నగా లేచి నిలబడింది.

"అవును. మా నాయన ఈ దుమ్ముతోనే పోయాడు. నువ్వు చెప్పాల్సిన పని లేదు, ఆయన దగ్గు నేను విన్నా. అందుకే మూతికి గుడ్డ కట్టుకున్నా, మరకి సంచి కట్టా. ఇంకా ఏం కట్టమంటావో ఈ పెద్దమనుషుల ముందు చెప్పు, కడతా. చోటు మాత్రం ఒదలను. ఇక్కడ మా నాయన కూర్చున్నాడు, నేను కూర్చుంటా, నా తర్వాత ఎవరు కూర్చుంటారో అది కూడా నేనే చెప్తా."

కోటిలింగం ఇంకా ఏదో అనబోయాడు. ఆమె మర స్టార్టు తాడు లాగింది. మర దడదడమని అందుకుంది. అతని నోరు కదులుతోంది, ఒక్క మాట కూడా ఎవరికీ వినబడటం లేదు. దూదంతా సంచిలోకే పోయి సంచి నిండు గర్భిణి పొట్టలా ఉబ్బింది. సంత పెద్దల్లో ఒకాయన వంగి చూసి, గాల్లో చెయ్యి ఆడించి చూసి, అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అచ్చమ్మ చేతిలో గుడ్డ మడిచి బుట్టలో పెట్టి, ఇడ్లీలు వడ్డించడం మొదలుపెట్టింది. పెద్దమనుషులు అక్కడే చెరో ప్లేటు తీసుకున్నారు.

సంత ముగిశాక ఖాసింబీ తిన్నగా దర్గాకి వచ్చింది. తాత అరుగు మీద ఉన్నాడు. ఆమె చెప్పులు విడిచి, ఈసారి అడక్కుండానే ఎదురుగా కూర్చుంది. వరస నిలబడిందన్న కబురు ఆమె కంటే ముందే గుట్ట చేరింది. ఆమె ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"నా కోపం ఇంకా అట్టాగే ఉంది తాతా. రవ్వంత కూడా తగ్గలా."

తాత దూదిలోంచి గింజ ఏరి పక్కన పడేశాడు.

"ఉండనీ. వచ్చే శుక్రవారం మళ్ళీ సంత ఉందిగా."